పిలుపుతీగలు

మొన్న సంక్రాంతికి ముందు భువనగిరిలోని మా పాత ఇంటి అటక సర్దుతుంటే ఒక తుప్పుపట్టిన బిస్కట్ల డబ్బా దొరికింది. అందులో కొన్ని మరచీలలు, రెండు పాత తాళంచెవులు, అరచెయ్యంత ఆకుపచ్చ పలక ఒకటి. పలక అంచున బంగారు రంగు పళ్ళు. వెనుక అతికించిన కాగితపు ముక్క మీద మా నాన్న గుండ్రటి అక్షరాల్లో "300 - 10. మార్చవద్దు" అని ఉంది. చూసిన మావాళ్ళు అదేదో చీటీపాట లెక్క అనుకున్నారు. అది నెట్‌వర్క్ కార్డు. ఆ రెండంకెలు దొరకడానికి 2000 వేసవిలో మాకు పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజుల వెనుక ఇరవై ఏళ్ళ చరిత్ర ఉన్నదని నాకప్పుడు తెలియదు. తెలిసినంత ఇక్కడ వ్రాసిపెడుతున్నాను.

మా నాన్న తెలుగు పంతులుగా పనిచేసి రిటైరయ్యారు. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో వెలువడిన మాండలిక వృత్తిపదకోశంలోని చేనేత సంపుటి చదివినప్పటినుంచీ ఆయనకు ఒక పిచ్చి పట్టుకుంది. మా చుట్టుపక్కల నేతగాళ్ళ ఇళ్ళలో, బావుల దగ్గర వినిపించే మాటలన్నీ ఊరి పేరుతో సహా ఎక్కించాలని. ఆసు, చిటికి, కండె, అచ్చు, మోట, కపిల, గూడ, ఇట్లా. నాలుగేళ్ళపాటు రోజుకు రెండు గంటలు ఒక 486 యంత్రం ముందు కూర్చుని టైపు చేశారు. యూనికోడ్ ఊసు మా ఇంట్లో ఎవరికీ తెలియని రోజులు. ఏదో ఒక డీటీపీ ఖతి, దాని సొంత కీబోర్డు, దాని సొంత లెక్క.

2000 ఏప్రిల్‌లో ఆ యంత్రం మొరాయించడం మొదలుపెట్టింది. స్కాన్‌డిస్క్ నడిపితే తెరమీది గళ్ళలో అక్కడక్కడ 'బి' అనే అక్షరాలు మొలవసాగాయి. అంటే ఆ చోట డిస్కు పాడయిందన్నమాట. వారం క్రితం మూడున్నవి వారం తిరిగేసరికి పదకొండయ్యాయి. ఫ్లాపీలమీదికి ఎక్కిద్దామంటే ఆ డ్రైవు తలకాయ ఎప్పుడో పక్కకు జరిగింది. అది వ్రాసిన ఫ్లాపీని అదే చదవగలదు, ఇంకే యంత్రమూ చదవలేదు. ఇతరులు వ్రాసినదాన్ని అది చదవదు. తన భాష తానే మాట్లాడుకునే మనిషిలాగా తయారయింది.

డిస్కు విప్పి తమ్ముడి చదువుకోసం కొత్తగా కొన్న పెంటియం త్రీ యంత్రానికి తగిలించవచ్చుగదా అని మీరడగవచ్చు. నేనూ అదే అన్నాను. నాన్న ఒప్పుకోలేదు. "పానం మీదికొచ్చిన మనిషిని మంచం మార్చొద్దురా. ఉన్నకాడికే వైద్యుణ్ణి తోలుకరా" అన్నారు. ఆయన భయం పూర్తిగా అర్థంలేనిదేమీ కాదు. ఆ కాలపు డిస్కుల కొలతలు ఒక బయాస్‌లో ఒకరకంగా, ఇంకో బయాస్‌లో ఇంకోరకంగా లెక్కకట్టడం ఉండేది. తప్పుగా లెక్కకట్టిన యంత్రం ఆ డిస్కుమీద ఏదైనా వ్రాస్తే అంతే సంగతులు. అందుకని రెండు గదుల మధ్య తీగ లాగుదామని నిశ్చయించాం. సికిందరాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్ళి ఒక వాడిన కార్డు పాతదానికి, ఒక కొత్త పీసీఐ కార్డు కొత్తదానికి, పదిహేను మీటర్ల కేబులు, గుప్పెడు ఆర్జే-45 తొడుగులు తెచ్చాను. సాయంత్రానికల్లా పనయిపోతుందని ఇంట్లో చెప్పాను కూడా.

కొత్త యంత్రంలో కార్డు పెట్టిన రెండు నిమిషాల్లో అది పనిచేయడానికి సిద్ధమయింది. పాత యంత్రంలో మాత్రం డివైస్ మేనేజరులో కార్డు పేరు పక్కన పసుపుపచ్చని చుక్కమీద ఒక ఆశ్చర్యార్థకం నిలబడింది. దాని ఆశ్చర్యం దేనిగురించో చెప్పాలంటే కాస్త వెనక్కు వెళ్ళాలి.

యంత్రానికి బయటినుంచి కబురు రెండు విధాలుగా అందుతుంది. ప్రాసెసరు మాటిమాటికీ ప్రతి పరికరం దగ్గరికీ వెళ్ళి "ఏమైనా ఉందా" అని అడగడం ఒక పద్ధతి. తన పని తాను చేసుకుంటూ ఉంటే, అవసరమున్న పరికరమే గంట కొట్టి పిలవడం రెండోది. ఈ రెండోదే ఇంటరప్ట్. ఇది మన పీసీలకంటే చాలా పాతది. డచ్చి శాస్త్రవేత్త డైక్‌స్ట్రా ఎలక్ట్రొలాజికా ఎక్స్1 అనే యంత్రానికి ఇంటరప్టులను సంబాళించే ప్రోగ్రాము వ్రాసి, 1959లో దానిమీదనే డాక్టరేటు సిద్ధాంతగ్రంథం సమర్పించారు. ఆ యంత్రంలో ఇటువంటి ఏర్పాటు ఉంటుందని మొదట విన్నప్పుడు తాను బెదిరిపోయాననీ, ఎప్పుడు ఏ పిలుపు వస్తుందో తెలియని యంత్రంలో తప్పు దొర్లితే దాన్ని మళ్ళీ రప్పించి చూడడం ఎట్లా అన్నదే తన భయమనీ ఆయన తరువాత జ్ఞాపకాల్లో చెప్పుకున్నారు. డైక్‌స్ట్రా అంతటివాడు భయపడ్డాడని అప్పుడే తెలిసి ఉంటే ఆ వేసవిలో నాకు కొంత ధైర్యంగా ఉండేది.

1981 ఆగస్టులో ఐబీఎం తన పీసీని విడుదల చేసినప్పుడు అందులో ఈ పిలుపులను క్రమపెట్టడానికి ఇంటెల్‌వారి 8259ఏ అనే చిప్పు వాడింది. దానికి ఎనిమిది తీగలు. సున్నా గడియారానికి, ఒకటి కీబోర్డుకు, మూడు రెండో సీరియల్ పోర్టుకు, నాలుగు మొదటిదానికి, ఆరు ఫ్లాపీకి, ఏడు ప్రింటరుకు. 1984లో పీసీ-ఏటీ వచ్చినప్పుడు రెండో 8259ను మొదటిదాని రెండో తీగకు వేలాడదీశారు. ఎనిమిదీ ఎనిమిదీ పదహారు, తగిలించడానికి పోయినది ఒకటి, మిగిలినవి పదిహేను. అందులోనూ ఎనిమిది గంటల గడియారానికి, పదమూడు గణిత సహాయక చిప్పుకు, పద్నాలుగు హార్డు డిస్కుకు ముందే రాసి ఇచ్చేశారు. తరువాత పన్నెండు ఎలుకకు, పదిహేను రెండో డిస్కువరుసకు పోయాయి. ఎంత పెద్ద ఇల్లయినా వాకిలి అంతే.

ఈ తీగలను ఇంగ్లీషులో ఐఆర్‌క్యూ లంటారు. నేను ఆ మాట పదేపదే గొణుగుతుంటే నాన్న "దానికి తెలుగుల ఏమంటరు?" అని అడిగారు. ఏమీ లేదన్నాను. కాసేపు ఆలోచించి "పిలుపుతీగ" అన్నారు. ఇక్కడినుంచి నేనూ అదే వాడుతాను.

రెండు పరికరాలు ఒకే పిలుపుతీగను ఎందుకు పంచుకోకూడదు? ఆ పాత ఐఎస్ఏ స్లాట్లలో పిలుపు అంటే తీగలో వోల్టేజి కింది మెట్టునుంచి పైమెట్టుకు ఎక్కడం. 8259 గుర్తించేది ఆ ఎక్కడాన్నే, ఎక్కి నిలిచి ఉండడాన్ని కాదు. ఒక పరికరం తీగను పైకెత్తి పట్టుకుని ఉండగా రెండోది కూడా ఎత్తిందనుకోండి, కొత్తగా ఎక్కడమనేది జరగదు. రెండో పిలుపు ఎవరికీ వినిపించదు. పైగా ఒకటి పైకి, ఒకటి కిందికి లాగుతూ పెనుగులాడే పరిస్థితి కూడా రావచ్చు. ఇది నాన్నకు వివరించినప్పుడు ఆయన ఒక్క ప్రశ్నే వేశారు. "మరి ఒగ తీగకు ఇద్దర్ని కట్టినోడెవడు?"

కట్టినవాడు ఒక్కడని చెప్పలేం. ఇక్కడ మన ఆకుపచ్చ పలక సంగతి వస్తుంది. ఈథర్‌నెట్ పుట్టింది 1973లో, కాలిఫోర్నియాలోని జెరాక్స్ పరిశోధనశాలలో. ఆ మే నెలలో బాబ్ మెట్‌కాఫ్ ఒక అంతర్గత పత్రంలో దాని ఊహను వివరించారు. డేవిడ్ బాగ్స్‌తో కలిసి నిర్మించారు. మెట్‌కాఫ్ 1979లో స్థాపించిన త్రీకామ్ సంస్థ 1982లో ఐబీఎం పీసీకి పనికివచ్చే ఈథర్‌నెట్ కార్డు తెచ్చింది. అయితే మధ్యతరగతి ఇళ్ళదాకా, ఇంటర్నెట్ కేఫుల దాకా వచ్చినది మాత్రం నావెల్ కంపెనీ రూపమిచ్చిన ఎన్ఇ 2000 సంతానం. నావెల్ ప్రధాన వ్యాపారం నెట్‌వేర్ అనే సాఫ్ట్‌వేరు. కార్డులు దానికి తోడు సరుకు. నేషనల్ సెమీకండక్టరువారి 8390 చిప్పు, పదహారు కిలోబైట్ల నిలవ జ్ఞాపకం, సాదాసీదా నిర్మాణం. ఎవరైనా నకలు తీయవచ్చు. తీశారు కూడా. తొంభయిల చివరికి "ఎన్ఇ 2000 కంపాటిబుల్" అని అట్టపెట్టెమీద లేని చవక కార్డు అరుదు.

అసలు కార్డు జ్ఞాపకంలో ఒక మూల రెండుసార్లు 57 అనే పదహారుల లెక్క అంకె ఉండేది. డ్రైవరు ఆ రెండంకెలు చూసి "ఇది ఎన్ఇ 2000" అని గుర్తుపట్టేది. కొన్ని నకళ్ళు ఆ ముద్ర కూడా సరిగ్గా వేసుకోలేదు. అటువంటి కార్డులకోసం లైనక్స్ డ్రైవరులో ఒక ప్రత్యేక ఐచ్ఛికం పెట్టారు. దానికి ఇవ్వవలసిన విలువ పదహారుల లెక్కలో బి, ఏ, డి. అంటే 'బ్యాడ్'. కోడు వ్రాసేవాళ్ళ వేళాకోళం ఇట్లాగే ఉంటుంది.

ఈ కార్డుకు కావలసినవి రెండు. ప్రాసెసరు దాన్ని పలకరించడానికి ఒక చిరునామా, అది ప్రాసెసరును పిలవడానికి ఒక తీగ. కర్మాగారంలో పెట్టి పంపే విలువలు 300, 3. పదహారుల లెక్కలో 300 నుంచి 31ఎఫ్ వరకు ఉన్న చోటును మొదటి పీసీలో ఐబీఎం ప్రయోగాత్మక కార్డులకని వదిలిపెట్టింది. అది ఊరి బయటి బంజరులాంటిది. వచ్చినవాడల్లా అక్కడే గుడిసె వేశాడు. ఇక మూడో తీగ రెండో సీరియల్ పోర్టుదని పైన చెప్పుకున్నాం. రెండో పోర్టు ఖాళీగా ఉన్న ఆఫీసు యంత్రంలో బాధలేదు. కానీ ఇళ్ళలో? 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ మన దేశంలో జనసామాన్యానికి ఇంటర్నెట్ ఇవ్వడం మొదలుపెట్టాక ఇళ్ళ యంత్రాల్లోకి మోడెములు వచ్చి చేరాయి. లోపల బిగించే మోడెము ఎక్కువగా రెండో సీరియల్ పోర్టు వేషంలోనే కూర్చునేది. మా ఇంట్లోదీ అంతే. అదీ మా ఆశ్చర్యార్థకం.

మొదట నేను చేసిన తప్పు ఆ రోజుల్లో చాలామంది చేసిందే. డివైస్ మేనేజరులో రిసోర్సుల పుటకు వెళ్ళి 3 కొట్టేసి 5 అని వ్రాశాను. ఆశ్చర్యార్థకం పోలేదు, ఎందుకంటే 5 మీద సౌండు కార్డు కూర్చుని ఉంది. అప్పుడు 10 వేశాను. ఆశ్చర్యార్థకం మాయమయింది. ఇంట్లో అందరికీ టీ పెట్టించాను. పింగ్ కొడితే తన చిరునామాకు తాను చక్కగా బదులిస్తోంది, అవతలి యంత్రంనుంచి మాత్రం ఉలుకూ పలుకూ లేదు. తనను తాను పింగ్ చేసుకుంటే ఆ మాట కార్డుదాకా వెళ్ళనే వెళ్ళదని, లోపలే చుట్టి వస్తుందని మూడు రోజుల తరువాత గాని నాకు తలకెక్కలేదు. అసలు సంగతి ఏమిటంటే, విండోసులో అంకె మార్చితే మారేది విండోసు నమ్మకమే. కార్డు తన సొంత చిప్పులో వ్రాసిపెట్టుకున్న అంకె 3 అట్లాగే ఉంది. విండోసు పదో తీగ దగ్గర చెవి పెట్టి కూర్చుంది, కార్డు మూడో తీగ లాగుతోంది.

ఈ బాధ తీర్చడానికి పెద్ద కంపెనీలు ప్రయత్నించకపోలేదు. 1987లో ఐబీఎం పీఎస్-2 యంత్రాలతోపాటు మైక్రోఛానెల్ తెచ్చింది. అందులో పిలుపుతీగలను పంచుకోవచ్చు, జంపర్లు పీకి గుచ్చే పని లేదు. కానీ ఐబీఎం దానికి లైసెన్సు రుసుము అడిగింది. మరుసటి ఏడాది కాంపాక్ ముందుండి తొమ్మిది కంపెనీలు కలిసి ఈఐఎస్ఏ అని పోటీ ప్రమాణం ప్రకటించాయి. ఒకటి ఐబీఎం ప్రహరీ దాటలేదు, రెండోది ఖరీదై సర్వర్లలో ఆగిపోయింది. సామాన్యుడి ఇంట్లో పాత ఐఎస్ఏనే మిగిలింది. సాంకేతికంగా మంచిది గెలవాలన్న నియమం ఎక్కడా లేదనడానికి నాకు తెలిసిన ఉదాహరణల్లో ఇది ముందుంటుంది.

1993లో ఇంటెల్, మైక్రోసాఫ్టు కలిసి ఐఎస్ఏకే ప్లగ్ అండ్ ప్లే అనే అతుకు వేశాయి. ఆ అతుకు మాత్రం చాలా అందమైనది. ప్రతి కార్డుకూ 72 బిట్ల సొంత సంఖ్య. యంత్రం 279 అనే చిరునామాకు ఒక రహస్యపు వరుస పంపుతుంది. అది రెండో ప్రింటరు స్థితిని చదవడానికి మాత్రమే ఉన్న చోటు, అక్కడ వ్రాస్తే పాత పరికరాలకేమీ హాని లేదు. ఆ వరుస విని కార్డులన్నీ మేలుకుంటాయి. తమ సంఖ్యను ఒక్కొక్క బిట్టే పలుకుతాయి. ఎదుటివాడు ఒకటి పలికినప్పుడు తనది సున్నా అయినవాడు నోరు మూసుకుని తప్పుకుంటాడు. చివరికి ఒక్కడు మిగులుతాడు, వాడికొక పేరు పెట్టి పక్కన కూర్చోబెట్టి మళ్ళీ మొదలు. విండోస్ 95 దీనినే చాటింపు వేసి అమ్మింది. చిక్కల్లా, ఈ పద్ధతి తెలియని పాత కార్డులు అదే యంత్రంలో ఉండడం. అవి పలకవు, తప్పుకోవు. అందుకే "ప్లగ్ అండ్ ప్రే", అంటే తగిలించి దండం పెట్టుకో, అన్న హాస్యం పుట్టింది. 1998 ఏప్రిల్‌లో షికాగో కామ్‌డెక్స్ వేదికమీద బిల్ గేట్స్ పక్కన నిలుచుని విండోస్ 98కు స్కానరు తగిలిస్తే, వేలమంది ముందు నీలితెర వచ్చింది. అది యూఎస్‌బీ స్కానరు, మా కథకు నేరుగా సంబంధం లేదు. కానీ నేను భువనగిరిలో ఆ మాట తలుచుకుని ఎన్నిసార్లు ఊరట పొందానో.

కార్డు అంకె మార్చడానికి డాసులో నడిపే చిన్న ప్రోగ్రాము ఒకటి ఫ్లాపీలో ఇచ్చారు. ఆ ఫ్లాపీని మా పాత యంత్రం చదవదని ముందే చెప్పాను. రెండు రోజులు దీనిమీదే గడిచింది. చివరికి దారి చూపింది తమ్ముడు. కొత్త యంత్రం మదర్‌బోర్డుమీద ఒకే ఒక ఐఎస్ఏ స్లాటు మిగిలి ఉంది. "అన్నా, కార్డు తన అంకెను తానే గుర్తుపెట్టుకుంటదంటివి గదా. దాన్నే ఇక్కడికి తెస్తే?" అన్నాడు. కరెంటు తీసేసినా చెరగని చిప్పు అది. కార్డును తెచ్చి కొత్త యంత్రంలో పెట్టి, డాసులో ఆ ప్రోగ్రాము నడిపి, 3ను 10 చేసి, తిరిగి పాత యంత్రంలో బిగించాం. పదో తీగ పొడవాటి పదహారు బిట్ల స్లాటు చివరి భాగంలో ఉంటుంది కనుక పొట్టి స్లాటులో పెట్టకూడదని ఈసారి జాగ్రత్త పడ్డాను. పింగ్ కొడితే అవతలి గదినుంచి బదులు వచ్చింది. నాన్న కాగితపు ముక్క అతికించింది ఆ రాత్రే.

కథ అక్కడ ముగియలేదు. చిన్న ఫైళ్ళు వస్తున్నాయి, పెద్దవి సగంలో ఆగిపోతున్నాయి. అవతల డిస్కుమీద 'బి'లు పెరుగుతున్నాయి. అయితే డిస్కే పోయిందా అని గుండె జారింది. కాదు, తప్పు నా చేతిది. తొడుగులో ఎనిమిది తీగలను జంటలు జంటలుగా వరుసన పేర్చాను. ఒకటీ రెండూ, మూడూ నాలుగూ, ఇట్లా. హబ్బు లేకుండా రెండు యంత్రాలను నేరుగా కలుపుతున్నాం కనుక ఒక కొసన ఒకటిని మూడుతో, రెండును ఆరుతో తారుమారు చేయాలని చదివి అదీ చేశాను. కానీ ఈథర్‌నెట్ వాడేది 1-2 జంటను, 3-6 జంటను. మెలివేసిన ఒకే జంట తీగలు 3లోకి, 6లోకి పోవాలి. నేను రెండు వేరువేరు జంటలనుంచి ఒక్కొక్క తీగ అక్కడికి పంపాను. బల్బు పెట్టి పరీక్షిస్తే అన్నీ కలిసే ఉంటాయి, కానీ మెలిక వలన కలిగే రక్షణ పోయింది. ఒకదాని మాట ఒకదానిలోకి చొరబడుతోంది. అసలు 4-5 ను మధ్యలో ఒక జంటగా వదిలి 3ను 6తో ఎందుకు జతచేశారంటే, టెలిఫోను తీగల జంట ఆ నడుమ గూట్లో కూర్చునే ఆచారం అప్పటికే ఉంది. దానికి చోటివ్వడం కోసం ఈ వంకర. "పడుగు పోగు జోడు తప్పితే గుడ్డంత పాడు, ఇది గుడ సాలోళ్ళ పనే" అని నాన్న నవ్వారు. మళ్ళీ కోసి, తెల్ల నారింజ, నారింజ, తెల్ల ఆకుపచ్చ అనుకుంటూ కొత్త తొడుగులు నొక్కాను.

పదకొండో రోజు రాత్రి పధ్నాలుగు మెగాబైట్లు ఒక గదినుంచి ఇంకో గదికి ఒక నిమిషంలోపే వచ్చాయి. రెండు ఫైళ్ళు మాత్రం రాలేదు. వాటిమీద 'బి'లు పడి ఉన్నాయి. 'క' వరుసలో కొంత, 'మ' వరుసలో కొంత పోయింది. నాన్న చిత్తుకాగితాలు ముందేసుకుని వాటిని మళ్ళీ టైపు చేయడానికి ఆ శీతాకాలమంతా పట్టింది. మోడెమును తరువాత కొత్త యంత్రంలోకి మార్చి, విండోస్ 98 రెండో ముద్రణలో ఉన్న ఇంటర్నెట్ పంపకంతో ఒకే ఫోను తీగమీద ఇద్దరూ వాడుకునేవాళ్ళు. కొత్తదాని చిరునామా 192.168.0.1. ఇటువంటి ఇంటి చిరునామాలను ఎవరైనా వాడుకోవచ్చని 1996 ఫిబ్రవరిలోనే నిర్ణయించి ఉన్నారు.

ఆ తరువాత ఈ తగవులన్నీ చల్లబడ్డాయి. 1992లో వచ్చిన పీసీఐలో పిలుపు అంటే తీగను కిందికి లాగి, వినేదాకా పట్టుకుని ఉండడం. కనుక నలుగురు పట్టుకున్నా ఫరవాలేదు. ఒకరి పని తీరినా ఇంకొకరు లాగే ఉంటారు. ఇంటెల్, మైక్రోసాఫ్టుల పీసీ 99 మార్గదర్శిక ఐఎస్ఏ స్లాట్లనే వద్దంది. పీసీఐ ఎక్స్‌ప్రెస్ వచ్చాక అసలు పిలుపుతీగ అనేదే లేదు. పరికరం ఒక చోట ఒక అంకె వ్రాస్తుంది, అదే పిలుపు. నాన్న పెట్టిన పేరుకు వస్తువే లేకుండా పోయింది. ఆయన పట్టికలో మాత్రం ఉంది. 'ప' వరుసలో, పిలుపుతీగ, సేకరించిన ఊరు భువనగిరి, చెప్పినవారు అన్నచోట ఖాళీ.

కొత్త యంత్రంలో ఆ ఫైళ్ళు మొదటిసారి తెరిచినప్పుడు తెరనిండా ఇంగ్లీషు అక్షరాల గజిబిజి కనిపించింది. ఖతి తేవడం మరిచాను. దాన్ని కూడా తీగమీదుగా తెచ్చుకున్నాక 'ఆసు' అన్న మొదటి మాట కనబడింది. 2007లో ఆ మొత్తాన్ని యూనికోడులోకి మార్చడం మొదలుపెట్టాను. వత్తుల దగ్గర, ముఖ్యంగా రెండు వత్తులు ఒకేచోట పడ్డప్పుడు, మార్పిడి ప్రోగ్రాము తడబడుతుంది. నాన్న ఉన్నన్నాళ్ళూ అటువంటివి ఆయన్నే అడిగి దిద్దేవాణ్ణి. ఇప్పుడు చిత్తుకాగితాలు చూసి దిద్దుతున్నాను. 'మ' వరుస సగం అయింది.